ఏరొద్దన్నాను కదా, అత్తా

డెల్ఫ్ట్, నెదర్లాండ్స్
ఫిబ్రవరి

అత్తకి,

క్షేమంగా చేరాను. నిన్న నీతో ఫోనులో అరిచి మాట్లాడుతుంటే హోటల్లో పక్క గదివాళ్లు వచ్చి తలుపు కొట్టారు. నీ చెవులు మొరాయించిన సంగతి వాళ్లకేం తెలుసు? అందుకే ఇక మనకి అలవాటైన పద్ధతే. కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే పంపు. మామయ్య చేత చదివించుకోకు, కళ్లజోడు పెట్టుకుని నువ్వే చదువు.

ఇక్కడికి ఎందుకొచ్చానని నువ్వు మూడోసారి అడిగావు కాబట్టి మళ్లీ చెబుతాను. ఎండుమిరప, పసుపు లాంటి సరుకుల రంగును కెమెరాతో ఎలా కొలవాలో, ప్రపంచమంతటికీ పనికొచ్చే ఒకే ప్రమాణం రాయడానికి ఒక బృందం ఏర్పడింది. మన గుంటూరు కంపెనీలో మేం చేసే కెమెరా పెట్టె కూడా రేపు ఆ ప్రమాణం ప్రకారమే పని చెయ్యాలి. మా యజమాని శశిభూషణ్ గారు "నాకు చలి పడదమ్మా, అయినా ఇంగ్లీషులో పోట్లాడటం నీకే వచ్చు" అని నన్ను తోలాడు.

పోట్లాట ఎక్కడుంది? పెట్టెలో దీపం పైనుంచి వెలగాలా, పక్కలనుంచి వెలగాలా అని ఒక పూటంతా మాట్లాడారు. ఒక్కరూ గొంతు పెంచరు. మన ఊళ్లో అయితే ఈపాటికి ఇద్దరు అలిగి లేచిపోయేవాళ్లు, ఇంకో ఇద్దరు బతిమాలి తీసుకొచ్చేవాళ్లు. ఇక్కడ మీ అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాం అంటూనే కొట్టిపారేస్తారు. నాకు కూర్చుంటే కాళ్లు ఊరుకోవు. టీ విరామంలో కాలవ గట్టు మీద అటూ ఇటూ తిరిగి వస్తున్నాను.

అసలు సంగతి ఇది. వీళ్లు ఒక గీత గీస్తారు. కెమెరా చూసిన రంగు ఆ గీతకి పైన ఉంటే మొదటి రకం, కింద ఉంటే రెండో రకం. గీత ఎక్కడ గీయాలో తేలాలంటే ఒక్కో చోటి నుంచీ రైతు దగ్గరుండే మామూలు కాయ కావాలి. స్పెయిన్ కాయ ఉంది, చైనా కాయ ఉంది, మన కాయ లేదు. అధ్యక్షురాలు హన్నెకె గారు "ఇంకేమైనా చెప్పేవాళ్లున్నారా?" అంటే చెయ్యి ఎత్తాను.  గుంటూరు, ప్రకాశం సీమల కాయ నేను తెప్పిస్తానన్నాను.

చిన్నప్పుడు నీతో మిర్చి యార్డుకి వచ్చిన రోజు గుర్తుందా? కొనేవాడు గుప్పెడు కాయలు తీసి, విరిచి చూసి, కింద పారేసి, "సెకండు" అని వెళ్లిపోయాడు. వాడి కంటికి ఎదురు చెప్పే దిక్కు లేదు. నువ్వు అద్దంకి చేరేదాకా మాట్లాడలేదు. కెమెరా అయితే మనిషి మొహం చూసి రకం కట్టదు. నేనీ ఉద్యోగంలో చేరింది అందుకే.

కాబట్టి నాకు సాయం చెయ్యి. మన కళ్లంలోనివి, యలమందయ్యవి, పర్చూరు అల్లాబక్షువి ఒక్కో సంచి. రాశి పైనుంచీ, నడిమినుంచీ, అడుగునుంచీ తియ్యి. ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. ఏరొద్దు.

బిందు

తా.క. ఏరొద్దు, అత్తా. నీకు శ్రమ.

*

అద్దంకి
మార్చి

చి. బిందుమాధవికి అత్త కోటిరత్నం ఆశీస్సులు.

నీ బొమ్మకాగితం చదివాను. మీ మామయ్య "అత్తాకోడళ్ల గొడవ నాకెందుకు" అంటూనే నా భుజం మీదుగా ఆఖరి అక్షరం దాకా చూశాడు.

సంచులు మీ ఆఫీసు వ్యానులో ఎక్కించాం. ఎందుకింత ఆలస్యమని శశిభూషణ్ గారు ఫోను చేశాడు, నాకు సగం వినపడలేదు, మిగతా సగం విననట్టు ఊరుకున్నాను. కూలీలు దొరకలేదనుకో. పైగా మధ్యలో నాలుగు చినుకులు పడితే పట్టాలు కప్పుకుంటూ పరుగులు. నువ్వు చెప్పిన ముగ్గురివే పంపాను, నాలుగోవాడి కాయ ఒక్కటి లేదు.

కుట్టబోయే ముందు ఒకసారి చెయ్యి పెట్టి చూశాను. అమ్మాయ్, చూసినవాళ్ల కళ్లు చెదరాలి. ఆ దొరసాని ముందు నువ్వు తల దించుకునే పని ఉండదు. ధైర్యంగా ఉండు. స్వెట్టరు వేసుకుని తిరుగు, కాలవ గట్టున ఆ పచార్లేమిటి?

మీ అత్త

*

వలెన్సియా, స్పెయిన్
జూన్

అత్తా! అత్తా!

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను, కూర్చోవడం చేతకావడం లేదు. ఇవాళ రెండో సమావేశంలో నీ సంచులు విప్పారు. తెల్లటి బల్ల మీద పోశారు.  మిరప వ్యాపారంలో పండిపోయిన సెర్హియో అని ఒక స్పెయిన్ పెద్దాయన, ఎవరినీ మెచ్చుకోని మనిషి, ఒక కాయ తీసి కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "మీ రైతులు రోజూ ఇలాంటివే పండిస్తారా?" అన్నాడు. నేను "అవునండి" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో!

కారంకాయలన్నిటికీ మన సంచులనే ఆధారం చేసుకుని గీత గీశారు. ముసాయిదాలో గుంటూరు పేరు, కింద నా పేరు. శశిభూషణ్ గారికి చెబితే పరీక్షల విభాగం మొత్తం నాకే అప్పగిస్తానన్నాడు. నవంబరులో గ్రాజ్ అనే ఊళ్లో చివరి సమావేశం. అక్కడ ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఇక అది ప్రమాణమే. పెద్ద కొనుగోలుదారులంతా అదే వాడతారు. మన యార్డుకీ వస్తుంది.

సంతోషంగానే ఉంది, అయినా ఎందుకో స్థిమితం లేదు. గీత కాస్త ఎత్తుగా పడిందేమో అనిపిస్తోంది. అనుభవం లేనిదాన్ని, అలాగే ఉంటుందేమో. నువ్వేమంటావు?

బిందు

*

అద్దంకి
జూలై

చి. బిందుకి,

నీ పేరు అచ్చులో పడిందంటే మీ మామయ్య వీధి వీధంతా చెప్పి వచ్చాడు. నాకూ సంతోషమే.

ఇక్కడ వాన మొహం చాటేసింది. నారు పోద్దామా వద్దా అని అందరూ ఆకాశం కేసి చూస్తున్నారు. నాకు ఇంట్లో కాలు నిలవడం లేదు. పొద్దున చేనికి, మళ్లీ ఇంటికి, మళ్లీ చేనికి. మీ మామయ్య "నీ కాళ్లకి ఏమైనా చక్రాలు కట్టారా?" అంటున్నాడు.

ఒక సందేహం. పనిలేక అడుగుతోందనుకో. ఆ గీత ఒకసారి గీశాక మళ్లీ చెరుపుకోవచ్చా? మన సంచుల్ని చూసే గీశారా, లేక స్పెయిన్ వాళ్లవీ చైనా వాళ్లవీ కలిపి సగటు కట్టారా? కలిపే ఉంటారులే. అంత చదువుకున్నవాళ్లు ఒక్క మన కాయనే నమ్ముకుని కూర్చుంటారా?

జవాబు తొందరగా రాయి. రాయకపోయినా ఫరవాలేదు, నీకు పనులుంటాయి.

అత్త

*

గుంటూరు
ఆగస్టు

అత్తకి,

తిన్నగా విషయానికే వస్తాను. మా కెమెరాలో కొత్త గీత పెట్టి, ప్రయోగానికని ఇక్కడో ఏసీ గిడ్డంగిలో బిగించాం. నువ్వు ఎండుకాయ దాచావే, ఆ ఏసీలోనే. మొదట అల్లాబక్షు సరుకు పెట్టాం. రెండో రకం అంది. యలమందయ్యది రెండో రకం. ఆ తర్వాత ఎవరిది పెట్టినా అదే. అద్దం తుడిచాను, దీపం మార్చాను, పెట్టె విప్పి మళ్లీ బిగించాను. హమాలీ యేసుపాదం మోసి మోసి విసిగిపోయి, "అమ్మా, మీ మిషనుకి కాయంటే పడదేమోనండి" అన్నాడు.

నీ సరుకూ పెట్టాను, అత్తా. అదీ రెండో రకమే.

మార్చిలో పంపిన సంచి, ఏసీలో ఉన్న బస్తాలు, రెండూ ఒకే కళ్లంలోవి. అవి మొదటి రకానికే ఆధారం, ఇవి రెండో రకం. ఇదెలా జరుగుతుంది? ఈ గీతే ఖాయమైతే మన సీమలో మామూలు రైతు కాయ ఏదీ ఇక మొదటి రకం కాదు. అలనాటి ఆ కొనేవాడైనా ఒకరిద్దరివి ఒప్పుకునేవాడు. నేను చేసిన పెట్టె ఎవరిదీ ఒప్పుకోవడం లేదు.

సంచుల విషయంలో ఏదైనా జరిగిందా? నిజం రాయి.

బిందు

*

అద్దంకి
ఆగస్టు

బిందూ,

ఏరాను.

నలుగురు ఆడవాళ్లని పిలిచి వసారాలో కూర్చోబెట్టి ఏరించాను. నేనూ కూర్చున్నాను. రంగు పోయి తెల్లబడ్డ తాలు తీసేశాం, మచ్చకాయ తీసేశాం, విరిగినవి, వంకరవి తీసేశాం. మిగిలినవాటిని మెత్తటి పాతచీర ముక్కతో తుడిచాం. ఒక్క సంచి నింపడానికి ఎన్ని బస్తాలు కుమ్మరించామో చెబితే నువ్వు నమ్మవు. అందుకే ఆలస్యమైంది.

నువ్వు ఏరొద్దన్నావు, కాదనను. మన ఇంటికి ఎవరొచ్చినా "ఏమీ వద్దండీ, ఇప్పుడే తినొచ్చాం" అంటారు. అన్నారు కదాని మంచినీళ్లిచ్చి పంపేస్తామా? వాళ్లు వద్దనడం మర్యాద, మనం పెట్టడం మర్యాద. నువ్వు కూడా నీకు శ్రమ అని రాశావు. శ్రమ అన్న మాట చూశాక, పిల్ల నన్ను కష్టపెట్టడం ఇష్టంలేక అంటోంది, ఏరి పంపితే లోపల్లోపల సంతోషిస్తుంది అనుకున్నాను. ఇంతకంటే వేరే ఆలోచన నాకు రాలేదు. పరాయి దేశంలో పదిమంది ముందు నా మేనకోడలు సంచి విప్పితే అందులోంచి తాలు కాయ బయటపడాలా?

ఆ రోజు యార్డులో నాకు జరిగింది నీకు జరగకూడదనుకున్నాను.

మీ మామయ్యకి కూడా తెలియదు, ఆయన అప్పుడు పొన్నూరు పెళ్లికి వెళ్లాడు. యలమందయ్యకీ అల్లాబక్షుకీ తెలియదు, మీ పరీక్షకనే చెప్పి బస్తాలు తెప్పించుకున్నాను, ఏరినవాళ్లకీ ఎందుకో చెప్పలేదు. ఊళ్లో తెలిస్తే కోటిరత్నం పరువుకి పోయి అందరి కాయనీ సెకండు చేసిందంటారు. తల ఎత్తుకోలేను. వేరే ఏదైనా కారణం చెప్పలేవా? సంచులు మారిపోయాయనో, చెమ్మ తగిలిందనో?

అత్త

*

గుంటూరు
సెప్టెంబరు

అత్తకి,

ఏరొద్దన్నాను కదా, అత్తా. ఒకసారి కాదు, రెండుసార్లు రాశాను. నీకు వినపడదని నోటితో చెప్పకుండా కాగితం మీద పెట్టాను.

నీ ఉత్తరం వచ్చాక ఇన్నాళ్లూ జవాబు రాయకపోవడానికి కోపమే కారణం. నా పరువు కోసం చేశానన్నావు. నా పరువు నిన్ను ఎవరు కాపాడమన్నారు? రోజూ ఆఫీసుకి వెళ్తున్నాను, వస్తున్నాను, అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాను.

శశిభూషణ్ గారికి చెప్పేశాను. ఆయన తలుపు వేసి వచ్చి, "ఇంతవరకూ ఎవరికైనా తెలుసా? తెలియదుగా? అయితే ఊరుకో. ప్రమాణం రానీ, ఆ తర్వాత ఇక్కడివాళ్లకి కావలసినట్టు మనం పెట్టెలో సర్దుబాటు చేసిద్దాం" అన్నాడు. "మరి మిగతా కంపెనీల పెట్టెలు?" అన్నాను. "వాటి గొడవ మనకెందుకు? చూడమ్మా, అక్కడ లేచి మా సంచులు దొంగవని చెబితే రేపు మన పెట్టెని నమ్మేదెవరు? చెప్పాలనుకుంటే తిరిగొచ్చాక ఈ గుమ్మం ఎక్కొద్దు" అన్నాడు. చెడ్డవాడు కాదు, భయపడ్డాడు.

నేను చెబుతాను. చెమ్మ తగిలిందని చెప్పను. కానీ ఉత్తచేతులతో వెళ్లి తప్పయిందంటే సరిపోదు. అదే పంట ఇంకా ఏసీలో ఉంది. ఆ ముగ్గురి బస్తాల్లోంచే మళ్లీ సంచులు తియ్యాలి. తాలుతో, మచ్చతో, దుమ్ముతో సహా. సరుకు వాళ్లది కాబట్టి ఎందుకో వాళ్లకి చెప్పి, వాళ్ల ఎదుటే తియ్యాలి. ఆ పని నేను చెయ్యకూడదు, మొదట చేసిందానివి నువ్వు కాబట్టి నువ్వే చెయ్యాలి. నువ్వు చెయ్యనంటే నేను బలవంతపెట్టను. ఈసారి నా మాటలకి వెనక ఇంకో అర్థం వెతక్కు.

బిందు

*

అద్దంకి
అక్టోబరు

చి. బిందుకి,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని చాలా రోజులు తిరిగాను. పని మీద పనీ చేశాను, అవసరం లేనివి కూడా. అటక సర్దాను. చివరికి మీ మామయ్యతో చెప్పాను.  ఆయన "బండి తీస్తాను, పద" అన్నాడు.

ముందు పర్చూరు వెళ్లాం. అల్లాబక్షు విని పడీపడీ నవ్వాడు. "నా కాయల్లో అంత మంచివి ఉన్నాయా అక్కా? ముందే చెబితే నేనూ చూసేవాణ్ణిగా!" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. యలమందయ్య నవ్వలేదు. "మా బతుకులతో ఆటలా ఇది?" అన్నాడు. వినపడింది నాకు. వినపడకపోతే బాగుండేది అనిపించింది. కానీ ఏసీకి రమ్మంటే వచ్చాడు.

వాళ్లిద్దరి ఎదుటా యేసుపాదం ముగ్గురి బస్తాల్లోంచీ తీశాడు, పైనుంచీ నడిమినుంచీ అడుగునుంచీ. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఇటు తిరిగితే ఊరుకోగలనన్న నమ్మకం లేదు. "అయిపోయిందండి, ఇక చూడొచ్చు" అన్నాక లేచాను. చూస్తే ఒళ్లు జలదరించింది, ఎంత తాలో! కానీ అది నా చేలో పండిందే. ఎవరో తెచ్చి కలిపింది కాదు.

సంచులు కుట్టేశారు. అక్కడ నా పేరు చెప్పు. మా బంధువు అనకు, ఒక రైతు అనకు. అద్దంకి కోటిరత్నం ఏరింది అని చెప్పు.

నీ ఉద్యోగం తలుచుకుంటే అన్నం సయించడం లేదు. ఇది నేను తెచ్చిపెట్టిందే. నన్ను క్షమించమని అడగను. కోపం తీరేదాకా కోప్పడు.

అత్త

*

గ్రాజ్, ఆస్ట్రియా
నవంబరు

అత్తా,

అయిపోయింది. ఏం జరిగిందో వరసగా రాస్తాను.

పొద్దున్నే శశిభూషణ్ గారి మెసేజి. "ఇప్పటికైనా ఆలోచించుకో" అని. సమావేశం మొదలయ్యేదాకా ఆ భవనం చుట్టూ తిరిగాను. లోపలికి వెళ్తే హన్నెకె గారు ముసాయిదా చదివించి, "అభ్యంతరం ఎవరికీ లేదు కదా?" అంది. ఇక్కడ ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. లేచి నిలబడ్డాను.

మా సంచులు ఏరినవని చెప్పాను. అద్దంకి కోటిరత్నం గారు, మా మేనత్త, ఏరారని చెప్పాను. ఎందుకు ఏరావో కూడా చెప్పాను. మా ఇళ్లలో వద్దంటే పెట్టమని అర్థమని చెబుతుంటే ఇద్దరు ముగ్గురు నవ్వారు, అది వెక్కిరింపు నవ్వు కాదు. ఈ గీత ఖాయం చేస్తే మా సీమలో నిజమైన కాయ ఏదీ దాన్ని దాటదని, నా పేరూ మా ఊరి పేరూ తీసెయ్యమని చెప్పి కూర్చున్నాను. 

హన్నెకె గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మిగతావాళ్లని కూడా అడుగుతున్నాను. ఇంకెవరైనా ఏరిన కాయలు పంపారా?" అంది.   అప్పుడు సెర్హియో మెల్లగా చెయ్యెత్తాడు. "మా అన్నయ్య ఏరాడు. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను" అన్నాడు. కిటికీ పక్కనుంచి ఇంకో చెయ్యి లేచింది. మిగతావాళ్లు బల్లకేసి చూస్తూ ఉండిపోయారు.

గీత కొట్టేశారు, అత్తా. ప్రమాణం ఆగిపోయింది. వచ్చే పంటకి బృందం తరఫున మనుషులే కళ్లాలకి వచ్చి సంచులు తీస్తారట, అన్ని దేశాల్లోనూ. నా ఉద్యోగం సంగతి తెలియదు. జరిగింది శశిభూషణ్ గారికి రాశాను, జవాబు లేదు. ఉంటుందని నేననుకోవడం లేదు. భయంగానే ఉంది.

ఒక్కటి మాత్రం నీకే రాస్తున్నాను. అంతా అయ్యాక హన్నెకె గారు నీ కొత్త సంచి చూద్దామంది. తెల్లబల్ల మీద పోశారు. దుమ్ము లేచింది, అందరూ దగ్గారు. తాలు కాయలు పాలిపోయి పైకే కనబడుతున్నాయి. అందరూ ముందుకి వంగి చూస్తున్నారు. ఏమయిందో నాకు తెలియదు, నా చెయ్యి దానంతటదే ముందుకి వెళ్లింది. అన్నిటికంటే తెల్లగా ఉన్న కాయ ఒకటి తీసి పిడికిట్లో దాచేసింది. అంతసేపు నిలబడి అన్ని మాటలు చెప్పినదాన్ని నేనే.

ఎవరూ చూడలేదు. పిడికిలి మూసుకుని అలాగే కాసేపు నిలబడ్డాను. నీ మీద కోపం అక్కడే పోయింది, అత్తా. చెయ్యి తెరిచి, అందరూ చూస్తుండగా ఆ కాయని తీసుకెళ్లి మిగతావాటి మధ్య పెట్టాను.

బిందు